సోమవారం నిద్ర

“ఏదో ఒకరోజు ఆ ఆఫీసులోనే కళ్ళు తిరిగి పడిపోతుందండీ ఇది. నేను చెప్తున్నాను, రాసి పెట్టుకోండి.”

భ్రమరాంబ ఈ మాట అనేటప్పటికి ఎవరూ ఎక్కడా పడిపోలేదు. పడిపోతుందన్న పిల్ల నిరుపమ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. రాసి పెట్టుకోవలసిన భర్త వీర్రాజు పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆయన ఐస్‌ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా గుమస్తా. ఆ చలవంతా ఆయనకి ఒంటబట్టేసింది.

భ్రమరాంబ చదివింది ఎనిమిదో తరగతే గానీ భయంలో మాత్రం పైచదువులు చదివింది. కాకినాడ మీద మబ్బు పడితే తుపాను అంటుంది. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు తుమ్మితే ఎక్స్‌రే అంటుంది. ఒకసారి గ్యాసు కట్టేశానో లేదోనని సామర్లకోట దారిలో బస్సు ఆపించి దిగిపోయి, ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చింది. ఆ సిలిండరు అంతకు రెండు రోజుల ముందే ఖాళీ అయిపోయింది.

అలాంటి తల్లికి నిరుపమ లాంటి కూతురు పుట్టడం దేవుడి వేళాకోళం. ఆ పిల్ల విశాఖపట్నంలో సోషల్ వర్కు చదివి, బ్యాంకు పరీక్షలు రాయవే అంటే వినకుండా ‘ఒడ్డు ఫౌండేషన్’ అనే స్వచ్ఛంద సంస్థలో చేరింది. సముద్రం పక్కన పాతదిబ్బ అనే జాలరిపేట ఆ పిల్లకి అప్పగించారు. పాతదిబ్బ కుళాయిలో ఉప్పునీళ్ళొస్తాయి. తాగితే పిల్లలకి విరేచనాలు. నిరుపమ మంచినీళ్ళ పైపు కోసం సంస్థ తరఫున తన సంతకంతో అర్జీ పెట్టి, ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకి అక్కడి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్తోంది. పైపు కాగితాల మీద నెమ్మదిగా పాకుతూ ఊరి పొలిమేర దాకా వచ్చింది. కలెక్టరాఫీసు గుమస్తా మాత్రం ఒక మాట ముందే చెప్పాడు: “వరసగా మూడు వారాలు సంతకం పెట్టిన మనిషి కనబడకపోతే అర్జీ మూసేస్తామమ్మా. మళ్ళీ మొదట్నించీ మొదలే.”

భ్రమరాంబకి ఈ పైపు గొడవంతా తెలియదు. ఆవిడకి తెలిసింది ఒక్కటే, పిల్ల మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తింటోంది. ఒక్కోరోజు డబ్బా తెరవకుండానే తిరిగొస్తోంది. అందుకని డైరెక్టరు కళాధర్ గారికి ఫోను చేసింది. ఆ నంబరు నిరుపమే ఇచ్చింది, “ఏదైనా అవసరమైతే చెయ్యమ్మా” అని. అమ్మకి ఆ అవసరం రోజుకి పదిసార్లు పడుతుందని అప్పుడు తట్టలేదు.

“నమస్కారమండీ, నిరుపమ వాళ్ళమ్మనండీ. మా అమ్మాయి అలిసిపోతోందండీ. చిక్కి సగమైంది. కాస్త వేళకి తినమని మీరొక్క మాట చెప్తే…”

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత కళాధర్ గారి గొంతు గంభీరంగా వినిపించింది. “అమ్మా, ఈరోజు మీరు చేసింది ఫోను కాదు. ఒక మేలుకొలుపు.”

ఆయన ఆ ముందురోజే బెంగళూరు నుంచి దిగారు. ‘యువ సేవారంగ నిపుణులలో బర్న్‌అవుట్ నివారణ’ అనే సదస్సులో మూడు పూటలు భోంచేసి వచ్చారు. సేవ చేసే కుర్రకారు పాతికేళ్ళు నిండకుండానే నూనె లేని ఒత్తిలా మాడిపోతున్నారనీ, దీన్ని అరికట్టని సంస్థల వైపు ఇకమీదట దాతలు చూడరనీ అక్కడ పెద్దలు చెప్పారు. ఆ జబ్బు తమ సంస్థలో కూడా ఉందని చూపించడానికి ఒక్క ఉదాహరణ కోసం కళాధర్ గారు పొద్దుట్నించి తడుముకుంటున్నారు. “మీ అమ్మాయిది బర్న్‌అవుటే” అని ఫోన్లోనే తేల్చేశారు.

“బర్నౌటా? అది అంటుకుంటుందాండీ?” భ్రమరాంబ రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకుంది.

“మనుషుల నుంచి మనుషులకి కాదమ్మా. సంస్థాగతంగా వ్యాపిస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి. మేం యుద్ధప్రాతిపదికన విశ్రాంతి తీసుకుంటాం.”

ఫోను పెట్టేసి భర్త దగ్గరికి పరిగెత్తింది. “ఏవండీ, మన పిల్లకి ఏదో కొత్త జబ్బుటండీ!”

“వేళకి అన్నం తిననిమ్మని అడిగావా, లేదా?”

“అడిగాను. కమిటీ వేస్తారట.”

వారం తిరక్కుండా సిబ్బంది కుటుంబాలకి పిలుపొచ్చింది. ఆఫీసు హాల్లో బల్లలు తీసేసి పరుపులు వేశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలియక తల్లిదండ్రులు పెళ్ళి విడిదిలోలాగా గోడలకి ఆనుకుని కూర్చున్నారు. హైదరాబాదు నుంచి మృణాళిని అనే ఆవిడని కొత్తగా తీసుకొచ్చారు. ఉద్యోగం పేరు విశ్రాంతి సంచాలకురాలు. పక్కనే చంటిపిల్ల పడుకున్నట్టు గుసగుసగా మాట్లాడుతుంది.

“మిత్రులారా, సమగ్ర అలసట నివారణ విధానం నేటి నుంచి అమల్లోకి వస్తోంది. ఇందులో మొదటి అంశం భాష. మనం పదేపదే పలికేదే మనమవుతాం. కాబట్టి ఇకపై ఈ ప్రాంగణంలో ‘అలసట’ అనే మాట నిషేధం. నేను కూడా ఇప్పుడు ఆఖరిసారి అన్నాను. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే, ‘నేను నిండుగా ఉన్నాను’ అని బదులివ్వాలి.”

భ్రమరాంబ చెయ్యెత్తింది. “ఏం నిండి ఉండాలండీ? ఎందుకంటే మావాళ్ళకి కడుపే…”

“అది ప్రశ్నించేది కాదమ్మా. అనుభూతి చెందేది.”

రెండో అంశం కళాధర్ గారే చదివారు. వారంలో ఏ రోజు ఎక్కువ భారంగా ఉంటుందని సిబ్బందిని అడిగితే అందరూ సోమవారమే అన్నారట. “ప్రజాస్వామ్యాన్ని గౌరవించే సంస్థగా, ఆ ఫలితాన్ని కమిటీ శిరసావహించింది. సోమవారాన్ని తొలగించాం. ఆరోజు సిబ్బంది అందరూ ఇళ్ళలో శయనించి ఉండాలి.”

“అప్పుడు మంగళవారం భారమవుతుంది కదండీ?” అన్నాడు వెనకనించి ఎవరో తండ్రి.

“ఆ అంశాన్ని రెండో దశలో పరిశీలిస్తాం. దశలవారీగా వారాన్ని సంస్కరించే ప్రతిపాదన ఉంది.”

నిరుపమ లేచి నిలబడింది. “సార్, కలెక్టరాఫీసులో గ్రీవెన్సు సోమవారమే ఉంటుంది. పాతదిబ్బ అర్జీ…”

మృణాళిని ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. “నిరుపమా, నువ్వు మనసులో ‘కానీ’ అన్నావు.”

“అనలేదు మేడం.”

“నీ కళ్ళు అన్నాయి. అదే మొదటి లక్షణం.”

“కలెక్టరు గారికి కూడా విశ్రాంతి ప్రాముఖ్యాన్ని వివరిస్తూ ఉత్తరం రాస్తాం,” అన్నారు కళాధర్ గారు. అందరూ చప్పట్లు కొట్టబోతే మృణాళిని ఆపింది. చప్పట్లు నాడీమండలానికి మంచివి కావట. అందరూ చేతులు గాల్లో ఆడించారు.

ఆఖరున ఒక సన్మానం జరిగింది. తొలి మేలుకొలుపు పలికిన తల్లి కాబట్టి భ్రమరాంబని ‘ప్రథమ మాతృ పర్యవేక్షకురాలి’గా నియమించి, జాకెట్టుకి ఆకుపచ్చ రిబ్బను బిళ్ళ గుచ్చారు. ఆవిడ పని తేలిక. ప్రతి సోమవారం పొద్దున్న పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. కూతురు పడుకుందో లేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. భ్రమరాంబకి ఆనందమూ భయమూ ఒక్కసారే కలిగాయి. ఆవిడకి ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

“ఉన్నదున్నట్టు చెప్పడానికి మీ అమ్మని మించినవాళ్ళు లేరు,” అన్నాడు వీర్రాజు ఇంటికొస్తూ. అది నిజం. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని చిన్నప్పుడు నాయనమ్మ భ్రమరాంబకి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారితో ఒక్క అబద్ధమాడింది, మర్నాటికి నాలుక మీద పుండు లేచింది. అది వేడి టీ వల్లనని వీర్రాజు ఇప్పటికీ వాదిస్తాడు.

మొదటి సోమవారం నిరుపమ బుద్ధిగా మంచం మీద పడుకుని పైకప్పు చూసింది. పదకొండింటికి భ్రమరాంబ సంతోషంగా “పడుకుందండీ” అని చెప్పింది. అర్జీ ఆయుష్షులో ఒక వారం తరిగింది.

కానీ పిల్ల తీరు ఆవిడకి అర్థం కాలేదు. ఇదివరకు ఏడింటికి ఇల్లు చేరేది, ఇప్పుడు తొమ్మిదవుతోంది. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అలా చూస్తూ ఉండిపోతుంది. “ఏమైందే?” అంటే, “నిండుగా ఉన్నానమ్మా” అంటుంది. ఏమిటో చూద్దామని గురువారం భ్రమరాంబ బిళ్ళ గుచ్చుకుని ఆఫీసుకే వెళ్ళింది.

వెళ్ళి చూస్తే అక్కడ విశ్రాంతి జోరుగా సాగుతోంది. పొద్దున్నే ఊపిరి గమనించడం, తర్వాత కళ్ళు మూసుకోవడం, తర్వాత కళ్ళు మూసుకున్నప్పుడు ఏమనిపించిందో గుంపుగా కూర్చుని చెప్పడం. ఆపైన నవ్వుల సమయం. రెండు విశ్రాంతులకి నడుమ ఇరవై నిమిషాలు ‘పని విరామం’ అని ఇస్తారు. ఆ ఇరవై నిమిషాల్లో కుర్రవాళ్ళు పులి తరుముతున్నట్టు పరిగెత్తి ఫోన్లు చేసుకుంటారు, కాగితాలు రాసుకుంటారు. గంట మోగగానే మళ్ళీ పరుపుల మీద వాలిపోతారు. ప్రతి విశ్రాంతికీ పదికి మార్కులు వేసుకోవాలి. ఎనిమిదికి తగ్గితే సంజాయిషీ రాయాలి. ఆ సంజాయిషీ రాయడం విశ్రాంతి కిందికి రాదు కాబట్టి సాయంత్రం ఆరు దాటాక కూర్చుని రాయాలి.

అప్పుడే పాతదిబ్బ నుంచి, నిరుపమ వెంట గ్రీవెన్సుకి వెళ్ళే ఆడవాళ్ళలో ఒకరైన మసేనమ్మ వచ్చింది. చేపల గంప వాకిట్లో దించి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లోపలికి రాబోతే మృణాళిని ఎదురొచ్చి ఒక చిన్న గదిలోకి తీసుకుపోయింది. గది మీద ‘దుఃఖ వడపోత’ అని రాసి ఉంది. సిబ్బందిని మాడ్చేసేది జనం తెచ్చే కష్టాలే కాబట్టి, ఆ కష్టాల్లోని బరువైన మాటలు ముందే ఏరేస్తారన్నమాట. తలుపు తెరిచే ఉండడంతో భ్రమరాంబకి అంతా వినిపించింది.

“చెప్పండమ్మా. మీ సమస్యని చిరునవ్వుతో మొదలుపెట్టండి.”

మసేనమ్మ కిళ్ళీ నమిలిన పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. “ఇహిహీ… నీల్లు ఉప్పగా ఉన్నాయండి. సాలా?”

“చాలా బాగుంది. అయితే ‘ఉప్పగా’ అనే మాట మా పిల్లల్ని కుంగదీస్తుంది. ‘రుచి ఎక్కువైన నీళ్ళు’ అనొచ్చు.”

“అట్టాగే నండి. రుసి ఎక్కువైన నీల్లు తాగి మా మనవడికి మూడు రోజుల్నించి ఇరేసనాలు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు.”

“‘విరేచనాలు’కి బదులు…”

“దానికి మీరే సెప్పండి మంచి పేరు. ఆడు లేసి కూకున్నాక పిలుత్తాను.”

మృణాళిని పుస్తకంలో ఏదో రాసుకుంది. మసేనమ్మ గదిలోంచి బయటికి వచ్చి పరుపు మీద కళ్ళు మూసుకుని కూర్చున్న నిరుపమని చూసి బుగ్గలు నొక్కుకుంది. “ఓయమ్మ! పాడె మీద పెట్టినట్టు వరసగా కూకోబెట్టేశారేంటమ్మా పిల్లల్ని! ఓ నిరుపమ్మా! ఒక సోమారం ఎల్లిపోయింది. ఇంకో రెండెల్లిపోతే గుమస్తా కొడుకు మనల్ని తుడిచేత్తాడు. ఈ సోమారం వత్తావా?”

నిరుపమ కళ్ళు తెరవలేదు. రెప్పలు మాత్రం వణికాయి. అప్పుడు తెలిసింది భ్రమరాంబకి, ఈ సోమవారం నిద్రకీ ఆ ఉప్పునీళ్ళకీ ఉన్న లంకె. తెలిసి ఏం లాభం? పక్కనే గోడ మీద ‘ఒక పర్యవేక్షకురాలి మౌనం, ఒక ఉద్యోగి పతనం’ అని రాసి ఉంది. చదివేసరికి ఆవిడ చెయ్యి జాకెట్టు మీది బిళ్ళ మీదికి పోయింది.

రెండో సోమవారం. వంట చేద్దామని బియ్యం డబ్బా మూత తీసిన భ్రమరాంబకి బియ్యంలో కంప్యూటరు కనిపించింది. దొంగతనంగా పని చేస్తోందన్నమాట! పక్క గదిలోకి తొంగిచూస్తే పిల్ల చీర కట్టుకుని, కాగితాలు సంచిలో సర్దుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

“నమస్తే అమ్మా. మన నిరుపమ శయనించిందా?”

“శయ… శయ…” భ్రమరాంబ నాలుక మీద ఏదో చురుక్కుమంది. “లేదండీ! పడుకోలేదండీ! బియ్యం డబ్బాలో కంప్యూటరు పెట్టుకుందండీ! చీర కట్టేసిందండీ! కలెక్టరాఫీసుకి వెళ్ళిపోతోందండీ!”

పది నిమిషాల్లో, నిరుపమ సర్దుకుని గుమ్మం దాటేలోపే, ఆటోలో విశ్రాంతి దళం దిగింది. ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక చాప, ఒక పిల్లనగ్రోవి. నిరుపమని హాల్లో చాప మీద పడుకోబెట్టి చుట్టూ కూర్చుని మెల్లగా జోలపాట ఎత్తుకున్నారు. చాప, మధ్యలో పిల్ల, చుట్టూ మనుషులు, పాట… ఇదంతా కిటికీలోంచి చూసి ఎదురింటి పాపాయమ్మగారు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చింది. “ఎప్పుడు పోయిందమ్మా? నిన్న సాయంత్రం కూడా పలకరించానే!”

వాళ్ళంతా వెళ్ళాక నిరుపమ ఒక్కటే అడిగింది. “ఎందుకు చెప్పావమ్మా?”

“అడిగారు కదే!”

ఆ పిల్ల సంచిలోని కాగితాలు తీసి మళ్ళీ బీరువాలో సర్దేసింది. తిట్టినా బాగుండేది. భ్రమరాంబ కావాలని పప్పులో ఉప్పు వేయకుండా పెట్టింది, కనీసం దానికైనా విసుక్కుంటుందేమోనని. నిరుపమ ఆ పప్పే కలుపుకుని తినేసింది.

“ఎలా ఉందే?”

“నిండుగా ఉందమ్మా.”

విశ్రాంతి ఉల్లంఘనకి శిక్ష ఉండదు, ఎందుకంటే శిక్ష ఒత్తిడి కలిగిస్తుంది. దాని బదులు పునఃపూరణ శిబిరం ఉంటుంది. గురువారం నుంచి శనివారం దాకా సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో. పర్యవేక్షకురాలి హోదాలో భ్రమరాంబ కూడా వెళ్ళింది. విశ్రాంతి మొదలుపెట్టడానికి అందరినీ తెల్లవారుజామున నాలుగున్నరకే లేపారు. చేతికి గడియారం లాంటిది ఒకటి కట్టారు. రాత్రిపూట నిద్ర సరిగ్గా పట్టకపోతే అది కనిపెట్టి, గంట మోగించి లేపి, సరిగ్గా నిద్రపొమ్మని చెబుతుంది. నిరుపమ గడియారం మిగతా అందరివాటికన్నా శ్రద్ధగా పనిచేసింది.

“కాస్త ఆ గంట ఆపుతారాండీ, పిల్ల పడుకుంటుంది,” అని భ్రమరాంబ మృణాళినిని బతిమాలింది.

“గంట ఆగితే ఆమె పడుకుందో లేదో మనకెలా తెలుస్తుందమ్మా?”

 భ్రమరాంబకి తను రోజుకి ఎన్నిసార్లు ఫోను చేసి “తిన్నావా?” అని పిల్ల నోటి దగ్గర ముద్ద ఆపించిందో మొదటిసారి గుర్తొచ్చింది.

శనివారం సాయంత్రం ముగింపు సభ. అత్యధిక సంజాయిషీలు రాసి, అత్యధిక మార్పు కనబరచినందుకు ‘ఉత్తమ విశ్రాంత ఉద్యోగి’ బహుమానం నిరుపమకి ప్రకటించారు. శాలువా కప్పారు, పూలగుత్తి చేతికిచ్చారు, వేదిక మీద నిలబెట్టారు. కళాధర్ గారు విశ్రాంతి గురించి ప్రసంగం అందుకున్నారు. ప్రాచీన కాలంలో విశ్రాంతి, మధ్యయుగాల్లో విశ్రాంతి, విశ్రాంతిలో మన సంస్థ పాత్ర… అందరూ కూర్చునే ఉన్నారు, సన్మానం పొందుతున్న మనిషి తప్ప. ప్రసంగం భవిష్యత్తులో విశ్రాంతి దగ్గరికి వచ్చేసరికి పూలగుత్తి కిందపడింది. దాని వెనకే నిరుపమ.

‘చెప్పానా!’ అనే మాట భ్రమరాంబ నోటిదాకా వచ్చింది. ఎన్నో ఏళ్ళ భయాల్లో మొట్టమొదటిసారి ఒకటి నిజమైంది. కానీ ఆవిడ ఆ మాట అక్కడే వదిలేసింది. కుర్చీలు తన్నుకుంటూ వేదికెక్కింది.

మైకులోంచి కళాధర్ గారి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. “మిత్రులారా, కంగారు పడొద్దు. ఇది పడిపోవడం కాదు. శరీరం తనంతట తానే స్వచ్ఛందంగా విశ్రాంతిని స్వీకరించిన సందర్భం. మన విధానానికి ఇంతకు మించిన నిదర్శనం ఏముంటుంది?” జనం చేతులు గాల్లో ఆడించారు. మృణాళిని ఫోటో తీసింది.

ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, “ఎలా ఉందమ్మా?” అన్నాడు.

“నిండుగా ఉన్నానండీ,” అంది నిరుపమ.

డాక్టరు భ్రమరాంబ వైపు తిరిగాడు. “ఈ అమ్మాయి సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?”

“పడుకోబెడుతూనే ఉన్నారండీ,” అంది భ్రమరాంబ దోషిలా. డాక్టరు సెలైను పెట్టి, చేతికున్న గడియారం విప్పి బల్ల సొరుగులో పడేసి, ఎవరూ మాట్లాడించకూడదని చెప్పి వెళ్ళాడు. నిరుపమ మర్నాడు పొద్దెక్కేదాకా ఒకే నిద్ర పోయింది. పక్కన కూర్చున్న భ్రమరాంబ ఒక్కసారి కూడా దాన్ని లేపి ‘నిద్రపట్టిందా?’ అని అడగలేదు. ఆవిడ పెదాలు కొరుక్కుని ఆపుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చారు. సాయంత్రం మసేనమ్మ ఆకులో చుట్టిన చేపలతో దిగింది.

“ఏంటమ్మా, పడుకుని పడుకుని పడిపోయావంట గదా! మా ఊళ్ళో తాగి పడతారు, ఎండకి పడతారు. ఇశ్రాంతికి పడ్డం ఇప్పుడే ఇంటన్నాం.”

నిరుపమ మొదట పెదవి బిగపట్టింది. తర్వాత నవ్వు ఆగలేదు. దిండులో మొహం పెట్టి నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. వీర్రాజు కూడా పేపరు వెనకాల కదిలాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

“అత్తా, రేపు ఆఖరి సోమవారం కదా.”

“ఆఖరే. నువ్వు రాపోతే మేం ఎల్తాం. ఎల్తే ఏటంటాడు? సంతకం పెట్టిన మనిసేదీ అంటాడు. అనకేం సేత్తాడు.” మసేనమ్మ లేచి చీర దులుపుకుంది. “అయితే ముందు నువ్వు బాగుండాలి. ఉప్పునీల్లు మాకు కొత్తేటి?”

ఆవిడ వెళ్ళాక నిరుపమ తల్లి వైపు తిరిగింది. “అమ్మా, కలెక్టరాఫీసు మెట్ల మీద కాళ్ళు పీకేవే. ఆకలేసేది. ఆ గుమస్తాని తిట్టుకుంటూ ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళెరగని నిద్రపట్టేది. ఇప్పుడు కాళ్ళ నొప్పి లేదు. మంచమెక్కితే మసేనమ్మ మనవడే కళ్ళముందు కనబడుతున్నాడు.” కాస్త ఆగి, నిషేధించిన మాటని మెల్లగా పలికి చూసుకుంది. “అలిసిపోయానమ్మా. అలిసిపోలేదని చెప్పి చెప్పి.”

భ్రమరాంబ ఆకు పొట్లం అందుకుంది. చేపలు కడగడానికి పెరట్లోకి పోయింది. కడిగిన చేపల్నే మళ్ళీ కడిగింది.

సోమవారం తెల్లారింది. నిరుపమ చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. “ఇంకోసారి ఉల్లంఘిస్తే దీర్ఘ విశ్రాంతి అన్నారు. అంటే ఉద్యోగం ఊడినట్టేనమ్మా. అది సరే. కానీ నువ్వు ఫోన్లో చెప్పగానే దళాన్ని కలెక్టరాఫీసుకే పంపిస్తారు. నా వంతు వచ్చేది పన్నెండింటికి. నువ్వు పదకొండింటికి…” మాట మధ్యలో ఆపేసింది. “నిన్ను అబద్ధమాడమని నేను అడగను.”

భ్రమరాంబకి చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. ఎండ, బస్సు, కళ్ళు తిరగడం, కలెక్టరు, పోలీసులు. వాటన్నిటినీ మింగేసి, ఒక చేతికి గొడుగూ, ఒక చేతికి పెరుగన్నం డబ్బా ఇచ్చింది. “వేళకి తిను,” అంది. మొదట్లో ఆవిడ అడిగింది కూడా ఆ ఒక్కటే.

పిల్ల వీధి మలుపు తిరిగాక ఆవిడ ఫోను ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. బిళ్ళ గుచ్చుకుందామా, వద్దా అని ఆలోచించి, తీసి సొరుగులో పెట్టింది. మళ్ళీ తీసి గుచ్చుకుంది.

పదకొండింటికి మోగింది.

“అమ్మా, కళాధర్‌ని. ఈరోజు ప్రత్యేక సందర్భం. మన విధానాన్ని పరిశీలించడానికి దాతల ప్రతినిధులు కూడా ఈ కాల్లో ఉన్నారు. మృణాళిని గారు మీ మాటలు వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతారు. ప్రథమ మాతృ పర్యవేక్షకురాలిగా ఉన్నదున్నట్టు చెప్పండి. శనివారం స్వచ్ఛందంగా విశ్రాంతిని స్వీకరించిన మన నిరుపమ, ఈ క్షణంలో ఏ స్థితిలో ఉంది?”

భ్రమరాంబ మంచం వైపు చూసింది. దుప్పటి మడత పెట్టి ఉంది. దాని మీద దిండు, దిండు మీద పిల్లి.

“అమ్మా?”

ఆవిడ నోరు తెరిచింది. నాలుక చివర ఎప్పటిలాగే చురుక్కుమంది. ఇప్పుడు అక్కడ లైను ఎంత దూరం కదిలిందో. గొడుగు వేసుకుందో లేదో. మసేనమ్మ పక్కనే ఉండి ఉంటుంది. ఆటోలో చాప, పిల్లనగ్రోవి సిద్ధంగా ఉండి ఉంటాయి.

“అమ్మా, లైన్లో ఉన్నారా? మా పెద్దలు ఎదురుచూస్తున్నారు.”

 వీర్రాజు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భార్య నోటి వంక ఇలా చూడడం ఇదే మొదలు. అటు నుంచి ఎవరో దగ్గారు. ఎవరో ఇంగ్లీషులో ఏదో అడిగారు. మృణాళిని ఏదో సర్దిచెప్పింది. పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ చుట్టుకుని పడుకుంది.

భ్రమరాంబ నాలుకని ఒకసారి పళ్ళకి ఆనించి చూసుకుంది. రిసీవరు నోటికి దగ్గరగా లాక్కుని, పక్కనే చంటిపిల్ల పడుకున్నట్టు గుసగుసగా అంది:

“పడుకుందండీ. లేపమంటారా?”